ఆరంగుళాల ఓటమి

రగ్బీ మన తెలుగువాళ్ళకు పెద్దగా పరిచయం లేని ఆట. కలకత్తాలో ఆంగ్లేయులు నడుపుకున్న క్లబ్బు ఒకటి 1870 దశకం చివర మూతపడుతూ, ఖాతాలో మిగిలిన వెండి రూపాయలను కరిగించి ఒక కప్పు చేయించి ఇంగ్లండు రగ్బీ సంఘానికి అప్పగించింది. ఇంగ్లండు, స్కాట్లండు జట్లు ఏటేటా పోటీపడే కలకత్తా కప్పు అదే. మన రూపాయలకు ఆ ఆటతో ఏర్పడినంత బంధం మనకు ఏర్పడలేదు.

నాకు రగ్బీ మీద కన్నా, ఓడిపోయిన ఆటను గురించి అభిమానులు జరిపే విచారణ మీద ఆసక్తి ఎక్కువ. చిత్తుగా ఓడిన జట్టును నాలుగు రోజులు తిట్టి మరిచిపోతారు. వెంట్రుకవాసిలో ఓడితే మాత్రం కథ వేరు. ఎవరు సరిగా ఆడలేదు, ఎవరిని ఆడించవలసింది, రిఫరీ ఏం చూశాడు, ఏం చూడలేదు అని విచారణ మొదలవుతుంది. ఇటువంటి వాటిలో నాకు తెలిసినంతలో అతి దీర్ఘమైనది 1905 డిసెంబరు 16, శనివారం నాడు కార్డిఫ్ ఆర్మ్స్ పార్క్ మైదానంలో మొదలైంది. నూరేళ్ళు దాటినా ముగియలేదు. ఆ రోజు వేల్స్ 3, న్యూజిలాండ్ 0.

ముందుగా ఆట సంగతి రెండు మాటల్లో. బంతిని చేత పట్టుకుని పరుగెత్తి, ప్రత్యర్థి గోల్ గీత మీదగానీ గీతకు అవతలగానీ నేలకు ఆనించాలి. దాన్ని ట్రై అంటారు. ఇప్పుడు దానికి అయిదు పాయింట్లు, అప్పట్లో మూడు. ట్రై అయ్యాక బంతిని గోలు స్తంభాల మధ్యగా తన్నగలిగితే మరో రెండు. అడ్డుకునేవాళ్ళు మీదపడి లాగుతూ ఉంటారు. మన చెడుగుడులో కూతకు వెళ్ళినవాణ్ణి నలుగురు పట్టేసి ఈడుస్తూంటే, వాడు చెయ్యి చాపి మధ్యగీతను అందుకున్నాడా లేదా అని రెండు జట్లూ అరుచుకోవటం చూసినవాళ్ళకు ఇక్కడి తగాదా స్వరూపం వేరే చెప్పనక్కరలేదు. గీత తాకాడని ఒక జట్టు, తాకలేదని మరొకటి. తాకాక వెనక్కి లాగారని ఇంకో మాట.

ఆ ఏడు న్యూజిలాండ్ జట్టు ఓడల మీద బ్రిటనుకు వచ్చింది. 'ఆల్ బ్లాక్స్' అన్న పేరు వాళ్ళకు స్థిరపడింది ఈ యాత్రలోనే. సెప్టెంబరు 16న డెవన్ జట్టు మీద 55–4 తో మొదలుపెట్టి, సరిగా మూడు నెలల్లో ఇరవై ఏడు ఆటలాడి ఇరవై ఏడూ గెలిచారు. చేసిన పాయింట్లు 801, ఇచ్చినవి 22. స్కాట్లండును 12–7 తోనూ, ఐర్లండును, ఇంగ్లండును 15–0 తోనూ ఓడించారు. ఇక మిగిలింది వేల్స్. ఆ ఏడాది మిగతా మూడు బ్రిటిష్ జట్లనూ ఓడించి కూర్చున్న జట్టు అది.

ఈ అంకెల వెనక రాజకీయం ఉంది. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధానికి సైన్యంలో చేరవచ్చిన బ్రిటిష్ యువకుల్లో చాలామంది శరీరదారుఢ్యం చాలక తిరస్కరింపబడ్డారు. జాతి క్షీణిస్తోందేమోనన్న బెంగ పట్టుకుని, ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసి 1904లో నివేదిక కూడా తెప్పించుకుంది. సరిగ్గా ఆ సమయానికి, పది లక్షల జనాభా అయినా లేని ఒక వలస నుంచి పాతిక పైచిలుకు మంది వచ్చి, మాతృదేశపు జట్లను వరుసగా మట్టి కరిపించారు. న్యూజిలాండ్ ప్రధాని రిచర్డ్ సెడన్ ఈ అవకాశాన్ని వదులుకోలేదు. మా గాలీ నీరూ, మా ఆరుబయటి బతుకూ మనుషుల్ని ఇలా తయారు చేస్తాయని ప్రచారం చేశాడు. వలస ప్రజలకు అది క్రీడావార్త కాదు, యోగ్యతాపత్రం. న్యూజిలాండ్‌కు డొమినియన్ హోదా వచ్చింది 1907లో. అందుకు రెండేళ్ళ ముందటి మాట ఇది.

వేల్స్ వైపూ తక్కువ లేదు. ఇంగ్లండు నీడలో, ఇరవై లక్షల జనాభాతో, తన భాషను బడుల్లోంచి తరిమేస్తుంటే చూస్తూ బతికిన దేశం. బొగ్గు ఎగుమతులతో పెరిగిన కార్డిఫ్‌కు నగరహోదా వచ్చింది ఆ అక్టోబరులోనే. న్యూజిలాండ్ ఆటగాళ్ళు మైదానంలో తమ హాకా నృత్యం ముగించగానే, వేల్స్ ఆటగాడు టెడ్డీ మోర్గాన్ తమ గీతాన్ని ఎత్తుకున్నాడు. 'నా పితరుల ప్రాచీన భూమి' అని అర్థం వచ్చే వెల్ష్ భాషా గీతం. నలభై ఏడు వేలమంది గొంతు కలిపారని అంటారు. అంతర్జాతీయ పోటీకి ముందు జాతీయగీతం పాడటం అదే మొదలని చరిత్రకారులు రాస్తున్నారు. ఈ రోజు ప్రతి ఆటకూ ముందు ఇరుజట్లూ వరసగా నిలబడి పాడే ఆచారానికి మూలం అది కావటం, అందులోనూ అణచివేతకు గురైన భాషలో కావటం నాకు ఎంతో ఇష్టమైన విషయం.

ఇక ఆట. వేల్స్ పక్షం ఎత్తుగడ ముందే వేసుకుంది. న్యూజిలాండ్ స్క్రమ్‌లో ఏడుగురే ఉండేవారు. ఎనిమిదోవాడైన కెప్టెన్ డేవ్ గాలహర్ స్క్రమ్ బయట నిలబడి బంతి వేసి, తమ బంతికి కావలి కాసేవాడు. ఇది అడ్డుతగలటమే తప్ప ఆట కాదని బ్రిటిష్ పత్రికలు యాత్ర మొదటినుంచీ గొడవ చేస్తున్నాయి. వేల్స్ కూడా తమవాళ్ళలో ఒకణ్ణి అలాగే బయటికి తీసి, ముల్లును ముల్లుతోనే తీయబోయింది. మొదటి సగంలో వారి హాఫ్ బ్యాక్ డికీ ఓవెన్ ఒక వైపుకు పరుగు తీసినట్టు నటించి, న్యూజిలాండ్ రక్షణ అంతా అటు ఒరిగాక, బంతిని రెండో వైపుకు విసిరాడు. క్లిఫ్ ప్రిచర్డ్ అందుకుని రీస్ గేబ్‌కు, గేబ్ నుంచి మోర్గాన్‌కు. మోర్గాన్ మైదానం అంచువెంట పరుగెత్తి మూలలో ట్రై చేశాడు. ముందుగా సాధన చేసిపెట్టుకున్న ఎత్తు అది. తర్వాతి తన్ను గురి తప్పింది. 3–0. ఆ రోజుకు లెక్కకు వచ్చిన పాయింట్లు అవే.

ఇప్పుడు తగాదా. రెండో సగంలో న్యూజిలాండ్‌కు చెందిన బిల్లీ వాలెస్ బంతి అందుకుని వేల్స్ రక్షణను చీల్చుకుని పోయి, పక్కనే వస్తున్న బాబ్ డీన్స్‌కు అందించాడు. డీన్స్‌కు ఇరవయ్యొక్కేళ్ళు. గీతకేసి దూసుకుపోతూ, తర్వాతి తన్ను సులువవుతుందని స్తంభాల వైపు వంకర తిరిగాడనీ, నేరుగా పోయి ఉంటే సందేహమే ఉండేది కాదనీ ఎక్కువ కథనాలు చెబుతాయి. వెనకనుంచి పట్టేశారు. గీత దగ్గర పడ్డాడు. స్కాట్లండుకు చెందిన రిఫరీ జాన్ డాలస్ వచ్చేసరికి బంతి గీతకు ఇవతల ఉంది. ట్రై లేదన్నాడు.

డాలస్‌ను గురించి కొంచెం చెప్పాలి. రిఫరీ ఎవరన్న విషయంలో రెండు పక్షాలూ ఒకరు చెప్పిన పేర్లను మరొకరు కాదన్నాక, స్కాట్లండు సంఘం పంపగా వచ్చినవాడు. ఇరవై ఏడేళ్ళవాడు, రెండేళ్ళ క్రితం స్కాట్లండు జట్టులో ఆడినవాడు. మామూలు దుస్తుల్లో, మేకులు లేని బూట్లతో, మెత్తటి నేలమీద వెనకబడిపోయాడని న్యూజిలాండ్ వాళ్ళ ఆరోపణ. గీతకు ఆరునుంచి పన్నెండు అంగుళాల ఇవతలే డీన్స్ ఆగిపోయాడని డాలస్ తన మాట. అవతలికి ఆరంగుళాలు దాటి బంతి ఆనించాననీ, రిఫరీ రాకముందే వెనక్కి ఈడ్చారనీ, వేల్స్ ఆటగాళ్ళే కొందరు ఒప్పుకుంటున్నారనీ, తన జట్టువాళ్ళు ఇద్దరు సాక్షులనీ డీన్స్ 'డైలీ మెయిల్' పత్రికకు తంతి ఇచ్చాడు.

న్యూజిలాండ్ అభిమానుల స్థితి ఊహించండి. భూగోళానికి అవతలివైపు ఉన్నారు. ఆట జరిగేటప్పుడు వాళ్ళకు అర్ధరాత్రి దాటింది. 1902లో పసిఫిక్ సముద్రం అడుగున వేసిన తంతితీగ పుణ్యమా అని ఫలితం త్వరగానే అందింది గానీ, తీగ మీద వచ్చేవి నాలుగు ముక్కలు. పూర్తి వర్ణనలు ఓడలో రావాలి, అంటే ఆరువారాల మాట. ఈలోగా చేతిలో ఉన్నది అంకె ఒకటి, వివాదం ఒకటి. ఆటను చూడని లక్షలమంది ఆట గురించి తీర్పు చెప్పవలసి వచ్చింది. న్యూజిలాండ్ జాతీయ గ్రంథాలయం పాత పత్రికలను 'పేపర్స్ పాస్ట్' పేరుతో ఉచితంగా అందుబాటులో పెట్టింది. ఓపిక ఉన్నవాళ్ళు ఆ వారాల సంచికలు తిరగేయవచ్చు.

నాకు ఆసక్తి కలిగించేది ఇది. ఆట చూసినవాళ్ళ అంచనా ఒకటి, తర్వాత జనం మనసులో నిలిచిన అంచనా మరొకటి. గాలహర్ ఆ సాయంత్రమే మెరుగైన జట్టే గెలిచిందని ఒప్పుకున్నాడు. న్యూజిలాండ్ ఆ రోజు బాగా ఆడలేదు. మూడు నెలల్లో ఇరవై ఎనిమిదో ఆట. మనుషులు అలిసి ఉన్నారు. వెనక వరుస ఆటకు బుర్ర అనదగ్గ బిల్లీ స్టెడ్ అనారోగ్యంతో ఆడలేదు. అందిన బంతులు జారవిడిచారు. అన్నిటికన్నా ముఖ్యం స్క్రమ్. గాలహర్ బంతి వేసే పద్ధతికి డాలస్ మాటిమాటికీ పెనాల్టీలు ఇస్తుంటే, విసిగి తన ముందు వరుసను బంతి కోసం పోటీ పడవద్దన్నాడు. అంటే స్క్రమ్‌లో బంతిని తామే వదులుకున్నారు. రిఫరీ కఠినంగా ఉన్నాడా అన్నది వేరే చర్చ. ఆట మధ్యలో దానికి తగ్గట్టు పద్ధతి మార్చుకోలేకపోవటం న్యూజిలాండ్ లోపమే. పైగా డీన్స్ ట్రై ఇచ్చినా 3–3 అయ్యేది. గెలవాలంటే ఆపైన తన్ను కూడా గురి తగలాలి. ఈ లెక్క చాలామంది అభిమానుల నోట నాకు కనిపించదు. వాళ్ళ మాటల్లో డీన్స్ ట్రై అంటే గెలుపే.

ఈ విషయాలన్నీ ఆనాటికే తెలుసు. అయినా ఏళ్ళు గడిచేకొద్దీ అవన్నీ వెనక్కిపోయి ఆరంగుళాలు మాత్రం మిగిలాయి. ఎందుకంటే స్క్రమ్ సంగతి చర్చకు తీసుకుంటే మనవాళ్ళ లోపం ఒప్పుకోవాలి. అలసట సంగతి తీసుకుంటే అన్ని ఆటలు పెట్టుకోమన్నదెవరన్న ప్రశ్న వస్తుంది. ఆరంగుళాల దగ్గర మాత్రం తప్పు మనది కాదు. కాంటర్‌బరీలో పేరున్న కుటుంబంలో పుట్టి, దైవభక్తితో పెరిగిన డీన్స్ అబద్ధమాడడని వాదించారు. గీత మీద బంతి ఎక్కడ ఆనిందన్న ప్రశ్నకు మనిషి శీలం సాక్ష్యమైంది! వేల్స్ వాళ్ళ సాక్ష్యాలూ ఒకదానికొకటి కుదరవు. డీన్స్‌ను పట్టింది తానేననీ, పడ్డాక ముందుకు పాకబోయాడంటేనే గీత అందలేదని అర్థమనీ గేబ్ వాదన. ఇది చెడుగుడు ఆడేవాళ్ళకు నచ్చే తర్కం. కానీ ఆ రోజు ట్రై చేసిన మోర్గానే తర్వాతి కాలంలో డీన్స్ గీత దాటాడని చెప్పినట్టు కథనం ఉంది.

డీన్స్ 1908లో, అపెండిసైటిస్ ముదిరి, ఇరవై నాలుగేళ్ళకే చనిపోయాడు. చివరి మాటల్లో కూడా తన ట్రై న్యాయమైనదేనన్నాడని ఒక గాథ పుట్టింది. నిజమో కాదో గానీ, అలా పుట్టక తప్పని గాథ. గాలహర్ 1917 అక్టోబరు 4న పాషెండేల్ యుద్ధంలో నేలకొరిగాడు. సమాధి బెల్జియంలో ఉంది. 1924లో వచ్చిన న్యూజిలాండ్ జట్టు ఆ సమాధిని దర్శించుకుంది, వేల్స్‌ను స్వాన్సీలో 19–0 తో ఓడించింది. పంతొమ్మిదేళ్ళ బాకీ తీరిందన్నారు. (గాలహర్ ఆనాడు తొడిగిన చొక్కా 2015లో కార్డిఫ్‌లోనే వేలానికి వచ్చి లక్షా ఎనభై వేల పౌన్లు పలికింది. ఓడిపోయిన ఆట చొక్కాకు అంత ధర!)

ఆ యాత్ర మొత్తం మీద ముప్ఫై అయిదు ఆటల్లో ముప్ఫై నాలుగు గెలిచారు. వేల్స్‌లోనే తర్వాత మరో నాలుగు ఆటలాడి, కార్డిఫ్ క్లబ్బు మీద 10–8 తోనూ, స్వాన్సీ మీద 4–3 తోనూ అతికష్టం మీద బయటపడ్డారు. డిసెంబరు 16 నాటి ఆట కేవలం దురదృష్టమైతే, వారం పది రోజుల తర్వాత కూడా అదే జట్టు ఒక పట్టణం జట్టుతో ఇంత పెనుగులాడవలసిన పని లేదు. నా మటుకు నాకు ఆరంగుళాల వాదం కన్నా ఈ రెండు అంకెలు బలమైన సాక్ష్యం.

వేల్స్ వాళ్ళ వంతు 1978 నవంబరులో వచ్చింది. ఆట ముగియబోతూండగా కార్డిఫ్‌లో వేల్స్ 12–10 తో ముందుంది. బంతిని గీత బయటినుంచి లోపలికి విసిరే వేళ న్యూజిలాండ్ ఆటగాడు ఆండీ హేడెన్ ఎవరో తోసినట్టు తూలిపడ్డాడు. రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు, న్యూజిలాండ్ 13–12 తో గెలిచింది. అలా పడాలని ముందే అనుకున్నామని హేడెన్ తర్వాత ఒప్పుకున్నాడు. తాను పెనాల్టీ ఇచ్చింది హేడెన్ పడినందుకు కాదనీ, వేరే ఆటగాడి మీద జరిగిన తప్పుకనీ రిఫరీ చెబుతూ వచ్చాడు. వేల్స్ అభిమానులకు ఆ రెండో మాట వినపడదు. అన్నట్టు, ఆ పెనాల్టీ తన్నినవాడు బ్రయన్ మెక్‌కెక్నీ. 1981లో ట్రెవర్ చాపెల్ నేలమీద దొర్లించిన బంతిని ఎదుర్కొన్న క్రికెటరు కూడా ఆయనే. ఒక ఆటలో ఫిర్యాదుకు కారణమై, మరో ఆటలో ఫిర్యాదుదారు అయ్యాడు పాపం.

2007 అక్టోబరులో ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్, మళ్ళీ కార్డిఫ్‌లోనే, ఆర్మ్స్ పార్క్ పక్కన కట్టిన కొత్త మైదానంలో. సగం ఆటకు 13–3 తో ముందున్న న్యూజిలాండ్ చివరికి ఫ్రాన్స్ చేతిలో 18–20 తో ఓడింది. ఫ్రాన్స్ గెలుపు ట్రైకి దారితీసిన అందింపు ముందుకు పోయిందని (రగ్బీలో బంతిని చేత్తో ముందుకు విసరకూడదు) తెరమీద చూసినవాళ్ళందరికీ తెలిసింది. రిఫరీ వేన్ బార్న్స్‌కు కనపడలేదు. అభిమానులకు ఈ కాలపు డాలస్ దొరికాడు. కానీ ఆ ఏడాది ఇరవై రెండుగురు ఆటగాళ్ళను సూపర్ 14 పోటీల మొదటి వారాలనుంచి తప్పించి విశ్రాంతి ఇచ్చిన ప్రణాళిక, కీలక ఆటగాళ్ళను మార్చి మార్చి ఆడించటం, చివరి నిమిషాల్లో ప్రత్యర్థి గీత ముందు నిలబడి కూడా మూడు పాయింట్ల డ్రాప్ గోలుకు తగిన స్థానం కల్పించుకోలేకపోవటం, వీటిమీద తీవ్రమైన చర్చే జరిగింది. న్యూజిలాండ్ రగ్బీ సంఘం స్వతంత్ర సమీక్ష చేయించింది. 1905లో లేని మంచి పని ఇది. శిక్షకుడు గ్రహమ్ హెన్రీని తొలగించలేదు. 2011 ఫైనల్లో అదే ఫ్రాన్స్‌ను ఆయన జట్టు 8–7 తో ఓడించింది. ఈసారి రిఫరీ మీద విరుచుకుపడ్డది ఫ్రాన్స్ అభిమానులు. న్యూజిలాండ్‌లో ఆ రిఫరీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు.

2023 అక్టోబరు 28న పారిస్ దగ్గర ఫైనల్. దక్షిణాఫ్రికా 12, న్యూజిలాండ్ 11. రిఫరీ మళ్ళీ బార్న్స్. ఈసారి డజన్లకొద్దీ కెమేరాలు, తెరముందు కూర్చున్న మరో అధికారి, అన్నీ ఉన్నాయి. కెప్టెన్ శామ్ కేన్‌కు ఇచ్చిన పసుపు కార్డు తెర చూశాక ఎర్రదైంది, ఆట మూడోవంతు దాటినప్పటినుంచీ అతడు లేకుండానే ఆడవలసి వచ్చింది. ఆరన్ స్మిత్ చేసిన ట్రై, అంతకు ముందెప్పుడో బంతి చెయ్యి జారిందని రద్దయింది. అంత వెనక్కి వెళ్ళి చూడటానికి నిబంధన ఒప్పుకోదని అభిమానుల వాదం. కెమేరా లేనందువల్లనే 1905 వివాదం తేలలేదని అనుకునేవాళ్ళు ఈ ఫైనల్ గురించి జరిగిన వాదోపవాదాలు చదవాలి. డీన్స్ విషయంలో ఏం జరిగిందో తెలియదు గనక గొడవ. ఇక్కడ ఏం జరిగిందో అందరూ చూశారు. దానికి ఏ నిబంధన వర్తిస్తుందన్నది గొడవ. మధ్యలో బ్యూడెన్ బారెట్ చేసిన ట్రై తర్వాత తన్నిన కన్వర్షనూ, చివర్లో అతని తమ్ముడు జోర్డీ దూరంనుంచి తన్నిన పెనాల్టీ కూడా గురి తప్పాయి. ఆ రెండిట్లో ఏ ఒక్కటి తగిలినా కప్పు చేతికి వచ్చేది.

బార్న్స్ ఆ ఫైనల్ తర్వాత రిఫరీగా విరమించుకున్నాడు. తనకూ, భార్యాపిల్లలకూ వచ్చిన బెదిరింపుల గురించి బహిరంగంగానే చెప్పాడు. 2007 తర్వాత కూడా ఆయనకు చావు బెదిరింపులు వచ్చాయి. డాలస్ నాటి అభిమానులకు పత్రికకు ఉత్తరం రాయటం తప్ప దారి లేదు. ఉత్తరం రాసి, తంతికీ ఓడకూ ఎదురుచూడాలి. రిఫరీ ఇంటి చిరునామా వాళ్ళకు తెలియదు.